నిండుకున్నాయి

మా కొట్లో "లేదు" అనే మాట లేదు. మామగారు పెట్టిన కట్టడి అది. కందిపప్పు బస్తా అడుగంటినా, పంచదార డబ్బాలో చెయ్యి పెడితే రేకు తగిలినా, అడిగినవాళ్ళతో "నిండుకుందమ్మా, రేపొస్తుంది" అనాలి. మానికతో బియ్యం కొలిచేటప్పుడు మొదటి మానిక ఒకటి కాదు, లాభం. లాభం, రెండు, మూడు, అలా ఆరు దాటాక ఏడు అనకూడదు. అందులో ఏడుపు ఉందట. ఆరున్నొక్కటి అనాలి. దీపాలు పెట్టాక ఉప్పు, సూదులు అమ్మకూడదు. రాత్రి కొట్టు కట్టెయ్యాలి గానీ మూసెయ్యకూడదు, మూసెయ్యడమంటే దివాలా తియ్యడం. నేను రేపల్లె కోడలిగా వచ్చిన కొత్తల్లో ధరల కంటే ముందు నేర్పింది ఈ మాటలే. మిగతావి ఒకటొకటిగా పోయాయి. కిలోలొచ్చాక లాభం పోయింది, ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ఏడు అననక్కర్లేకుండానే కనిపిస్తోంది. నిండుకుంది మాత్రం నా నోట్లోంచి పోలేదు.

కొట్టు ముందు బల్ల మీద పేపరు చదువుకోవడానికి ఒక మాస్టారు వస్తారు. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు, పైగా హేతువాది. గుడి పక్కనే కొట్టు కాబట్టి, సాయంత్రం మైకులో ప్రవచనం ఆయన చెవిన పడక తప్పదు. అది విని, ఆ కోపం నా మీద తీర్చుకుంటారు. ఒకరోజు నేను ఎవరితోనో "పెసరపప్పు నిండుకుందమ్మా" అంటుంటే పేపరు మడిచి పెట్టేశారు.

"అమ్మా, తథాస్తు దేవతలు ఉన్నారనే అనుకుందాం. సంధ్యవేళ మన నెత్తి మీదుగా పోతూ, మనం ఏమంటే దానికి తథాస్తు అంటారనే అనుకుందాం. లేవు అంటే ఎక్కడ సరే అంటారో అని భయపడి మీరు నిండుకున్నాయి అంటున్నారు. బాగానే ఉంది. కానీ నిండుకున్నాయంటే ఖాళీ అని రేపల్లెలో పసిపిల్లాడిక్కూడా తెలుసే! దేవతలకి తెలుగొస్తే వాళ్ళకీ తెలిసిపోతుంది, తథాస్తు అనేస్తారు. తెలుగు రాకపోతే మీరు ఏమన్నా ఒకటే. ఎటు చూసినా ఈ మాట వల్ల లాభం లేదు."

నేను విన్న ప్రవచనాల్లో ఇంత గట్టి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. దేవుణ్ణి నమ్మేదాన్నే అయినా, ఈ విషయంలో మాస్టారిదే న్యాయమని ఒప్పుకుంటాను. మాట మార్చి దేవతల్ని ఏమార్చగలం అనుకోవడం భక్తి కాదు, వాళ్ళని అమాయకుల కింద జమకట్టడం. కాబట్టి ఈ మాట దేవతల కోసం కాదు. మరి ఎవరి కోసం?

గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఊరి మాటలన్నీ వినేదాన్ని కాబట్టి ఒకటి గట్టిగా చెప్పగలను. ఈ మాటని ఎవరూ తనలో తాను అనుకోరు. డబ్బా మూత తీసి చూసుకుని ఒంటరిగా "నిండుకున్నాయి" అనుకునే ఇల్లాలు ఉండదు. వినేవాళ్ళు ఉండాలి. "ఏమండీ, బియ్యం నిండుకున్నాయి." "అత్తయ్యా, నూనె నిండుకుంది." తర్వాత "తెండి" అని అనరు, అననక్కర్లేదు. ఆయన చొక్కా వేసుకుంటాడు, అంతే. డబ్బాలో ఏముందో తెలియజెయ్యడం కాదు దాని పని, సంచి తీయించడం.

ఈ ముక్క చెబితే మాస్టారు సంబరపడి, నాకు తెలియని పేరొకటి చెప్పారు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే పూర్వమీమాంస శాస్త్రంలో ప్రభాకరుడనే ఆయన ఉన్నాడట. మాటకి అర్థం చెయ్యాల్సిన పనిలోనే ఉందని ఆయన వాదం. పెద్దవాడు ఆవుని తీసుకురమ్మంటాడు, రెండోవాడు వెళ్ళి తెస్తాడు, పక్కనున్న పిల్లాడు ఆ జరిగింది చూసి మాటల అర్థం పట్టుకుంటాడు. పిల్లలకి మాటలు అలాగే వస్తాయని మీమాంసకుల ఉదాహరణ. అదే శాస్త్రంలో కుమారిలుడనే ఇంకొకాయన పక్షం వాళ్ళు దీన్ని ఒప్పుకోలేదట, ఉన్న సంగతిని ఉన్నట్టు చెప్పే వాక్యాలకీ అర్థం ఉంటుందన్నారట. ఆ తగువు నాకు అక్కర్లేదు. నా కొట్టు వరకూ ప్రభాకరుడే గెలిచాడు. బియ్యం నిండుకున్నాయన్నది నిజమా అబద్ధమా అని అడగడం, రావయ్యా అని పిలిస్తే అది నిజమా అబద్ధమా అని అడిగినట్టే.

ఇంకో సంగతుంది. అది వంట చేసేవాళ్ళకే తెలుస్తుంది. ఈ మాట డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యాక అనేది కాదు. మా అత్తగారి బియ్యం డబ్బా నా కళ్ళకి కట్టినట్టుంది. నడుము ఎత్తు రేకు డబ్బా, పురుగు పట్టకుండా వేసిన వేపాకు ఎండి పెళుసైపోయి ఉండేది, లోపల కొలతకి ఒక సోల. ఆ సోల గీరుకునే చప్పుడు వినిపించగానే ఆవిడ చెయ్యి ఆగిపోయేది. అడుగున గుప్పెడు గింజలు వదిలేసి మూత పెట్టి, అప్పుడు కేకేసేది, "నిండుకున్నాయిరా" అని. ఆ గుప్పెడూ ఎప్పుడూ వండలేదు. కొత్త బియ్యం వాటి మీదే పోసేవాళ్ళం. అంటే ఆ డబ్బా ఏనాడూ ఖాళీ కాలేదు. ఆవిడ అబద్ధమూ ఆడలేదు. సున్నా దాకా పోయాక అరవడం చేతగాని సంసారం అని ఆవిడ లెక్క. కొట్టు నడిపేవాళ్ళకీ అదే లెక్క. ఆఖరి బస్తా విప్పిన రోజే గుంటూరు టోకు కొట్టుకి చీటీ వెళ్ళాలి.

అయినా నిండడం అనే మాటే ఎందుకు పట్టుకున్నారు? తరగడానికి ఎన్ని మాటల్లేవు! తెలంగాణ నుంచి మా వీధికి కోడలొచ్చిన పిల్ల బియ్యం ఒడిసినయంటుంది. చక్కటి మాట, దాపరికం లేదు. మనవాళ్ళకి చివర అనేసరికి ఏదో ఒకటి ఎక్కాలి, పెరగాలి, నిండాలి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. తాళి తెగదు, పెరుగుతుంది. ఇవన్నీ అశుభానికి భయపడి వేసిన ముసుగులేనని మాస్టారంటారు, చాలావరకు నిజమే. కానీ నిండడం దగ్గర నాకు ముసుగు కంటే ఎక్కువేదో కనిపిస్తుంది. నెలలు నిండాయంటే బిడ్డ పుట్టబోతోందని. నూరేళ్ళూ నిండాయంటే మనిషి పోయాడని. నిండు నూరేళ్ళూ బతకమని దీవించేదీ ఆ మాటలతోనే. అంటే గడువు పూర్తవడాన్ని మనవాళ్ళు తరుగుగా చూడలేదు, నిండుగా చూశారు. డబ్బాలో బియ్యం ఇంట్లోవాళ్ళ కడుపుల్లోకి వెళ్ళాయి. వాటి పని నిండింది. అమ్మకం చేసేదాన్ని కాబట్టి నాకిది తేలిగ్గా ఎక్కుతుంది. బస్తా ఖాళీ అవడమే నాకు కావాల్సింది, నిండుగా ఉండిపోయిన బస్తాకి పురుగు పడుతుంది.

సున్నాని కూడా మనం నిండుసున్న అంటామని మాస్టారే గుర్తు చేశారు. అరసున్న, నిండుసున్న. పాత గణిత గ్రంథాల్లో సున్నాకి శూన్యం, ఖం, ఆకాశం లాంటి పేర్లతో పాటు పూర్ణం అనే పేరూ ఉందట. దేవుళ్ళ మాటెత్తితే విరుచుకుపడే మనిషి, ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం మొహం వెలిగిపోయింది.

ఇక్కడే ప్రవచనకర్తలతో నాకు పేచీ. పూర్ణం అన్న మాట దొరగ్గానే ఈశావాస్యం ముందు చదివే శాంతిపాఠం ఎత్తుకుంటారు. నిండులోంచి ఎంత తీసినా తరగదన్న ఆ మాట బృహదారణ్యకంలోనూ ఉంది. గొప్ప మాటే. కానీ దాన్ని తెచ్చి అన్నదానం హుండీకి అతికించి "మీరెంత ఇస్తే అంత నిండుతుంది" అంటారు. నా గల్లాపెట్టె దగ్గర ఆ లెక్క నడవదు. యాభై కిలోల్లోంచి పది తీస్తే నలభయ్యే. అది బ్రహ్మం లెక్క, బియ్యం లెక్క కాదు. ఈ రెండూ కలిపేస్తే అటు వేదాంతమూ చెడుతుంది, ఇటు వ్యాపారమూ చెడుతుంది. నాకు తైత్తిరీయంలో భృగువల్లి నచ్చుతుంది. ఇది మన కొట్టు కోసమే రాశారా అనిపిస్తుంది. అన్నాన్ని తక్కువ చెయ్యకు, ఎక్కువగా సమకూర్చుకో, గడప తొక్కినవాణ్ణి కాదనకు అన్నంత సూటిగా ఉంటుంది. తరగదు అని అక్కడ లేదు. తరుగుతుంది కాబట్టే సమకూర్చుకోమన్నారు.

బౌద్ధాచార్యుడు నాగార్జునుడి శూన్యం ఇంకో దారి. మా కృష్ణ ఒడ్డునే ఎగువకి పోతే నాగార్జునకొండ, ఆ ఆచార్యుడి పేరు మోస్తున్న చోటు. శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదట. ఏదీ తనంతట తాను నిలబడలేదు, ఇంకోదాన్ని ఆనుకునే ఉంటుందని చెప్పడమట. నాకు అర్థమైనంత మేరకు, ఖాళీ డబ్బాకి ఆ సంగతి తెలిసినంతగా నిండు డబ్బాకి తెలీదు. నిండుకున్నాయి అన్న మనిషి నిజానికి ఒప్పుకుంటున్నది దాన్నే. నేను ఒకరి మీద ఆధారపడి ఉన్నాను, ఆ ఒకరికి చెబుతున్నాను అని.

అలా ఒకరికి చెప్పుకున్న ద్రౌపది కథ వినండి. అరణ్యవాసంలో సూర్యుడు ధర్మరాజుకి అక్షయపాత్ర ఇచ్చాడు. పేరుకి అక్షయమే గానీ దానికో నియమం ఉంది. ద్రౌపది భోంచేసేదాకానే అందులో అన్నం, ఆవిడ తినేస్తే ఆ పూటకి సరి. (తరగని పాత్రకి కూడా ఆగే వేళ ఒకటి పెట్టి, అది ఆడమనిషి తిన్న వేళ చేశారు చూడండి. ఇది ఏ ప్రవచనంలోనూ ఎవరూ ఆగి చెప్పలేదు.) ఆవిడ తిని, పాత్ర కడుక్కున్నాక దుర్వాసుడు శిష్యుల్ని వేసుకుని దిగాడు. ఆవిడ కృష్ణుణ్ణి తలుచుకుంది. ఆయనొచ్చి "ముందు నాకు ఆకలేస్తోంది, పెట్టు" అన్నాడు. ఏమీ లేదంటే, ఆ పాత్ర పట్టుకురమ్మన్నాడు. అంచున అంటుకున్న ఆకుకూర తునకో మెతుకో తిన్నాడు, నదిలో మునుగుతున్న మునులకి కడుపులు నిండిపోయాయి.

మహిమ సంగతి మాస్టారికి వదిలేస్తాను. నేను చూసేది ఆ పాత్ర అంచుని. కడిగిన గిన్నెకి కూడా ఒక తునక మిగిలి ఉంది. మా అత్తగారి గుప్పెడు గింజల్లాంటిదే అదీ. దాన్ని చూడగలిగినవాడు వచ్చాడు, ఎందుకంటే ఆవిడ పిలిచింది. పిలుపుకి పలికేవాడు లేకపోతే ఆ తునక గిన్నెలోనే ఎండిపోయేది. ప్రార్థన గురించి నాకు తెలిసిందంతా ఈ కథలోనే ఉంది. దేవుడికి మన ఇంటి లెక్కలు తెలియక చెప్పడం లేదు. నింపాల్సినవాడివి నువ్వు అని గుర్తు చెయ్యడానికి చెబుతున్నాం.

"అదంతా గాదెలున్న ఇళ్ళ మాటమ్మా" అంటారు మాస్టారు. "రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్ళు నిండుకున్నాయి అంటారా? గింజ లేదు అంటారు." ఇక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. నా ఖాతా పుస్తకంలో సగం పేర్లు కూలికెళ్ళే ఆడవాళ్ళవే. పావుకిలో నూకలు, చిన్న సీసాడు నూనె, ఒక పసుపు పొట్లం, అలా రాసుకున్న పద్దులు. వాళ్ళలో ఒకామె ఒక్కతే వస్తే "గింజ లేదు పెద్దమ్మా" అని సూటిగా అనేది. చంకలో పిల్ల ఉన్నప్పుడు మాత్రం మాట మారేది. "బియ్యం నిండుకున్నాయి పెద్దమ్మా, శనివారం కూలి డబ్బులొస్తాయి" అనేది. అదే ఇల్లు, అదే ఖాళీ. పిల్ల చెవిన లేవు అన్న మాట పడనివ్వలేదు. గాదె ఉన్నామె ఈ మాటని అలవాటుగా అంటుంది. ఈమె ఆలోచించి అన్నది. ఈ మాట నిజంగా ఎవరిదని అడిగితే ఈమెదే అంటాను.

కానీ దీనికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే నిండుకున్నాయి అనడానికి అర్థం ఉండదు. 1832-33లో గుంటూరు కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువన్నారు. ఐదు లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనాలున్నాయి. ఆ ఏడు ఈ ప్రాంతంలో ఏ ఇల్లాలు ఎవరితో ఏ మాట అనగలిగి ఉంటుంది? అడుగున గుప్పెడు ఉండాలి, వినేవాడు ఒకడుండాలి, ఈ మాటకి ఈ రెండూ పునాది. రెండూ పోయిన చోట అది శవం ముందు పెట్టిన దీవెన.

దేవుడు వినలేదా అని మాస్టారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను కూడా. ఆలస్యంగా విన్నది ఆనకట్ట ఒక్కటే. బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట 1855లో పూర్తయింది. అది పాతబడ్డాక దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మా రేపల్లె పొలాలకి వచ్చే నీళ్ళు ఆ కాలవలవే. మా మామగారి కట్టడి, మా అత్తగారి గుప్పెడు గింజలు, మా కొట్టు మర్యాదలు అన్నీ ఆ కాలవగట్టు మీద నిలబడ్డవే. డెల్టా పల్లెల్లో నిండుకున్నాయి అనే మాట ఇంత నిబ్బరంగా వినిపించడానికి కారణం పైనున్న దేవతల కంటే ముందు ఆ కాలవల లాకులే అని నా అనుమానం. ఇది విని మాస్టారు నేను సగం హేతువాదినైపోయానని మురిసిపోయారు. కాలేదు. లాకులు ఎత్తేవాడి చెయ్యి ఎవరిదన్నది ఆయనకీ నాకూ మధ్య ఇంకా తేలని లెక్క.

నింపాల్సినవాడే ఈ మాట అంటే ఎలా ఉంటుందో కూడా చూశాను. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చిన రోజుల్లో మా వ్యాపారం కొంత పడిందని మామగారు గొణుక్కున్నారు. ఖాతా బాకీలు తగ్గాయని మా అత్తగారు సంతోషించింది. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక అర్హులైన ఇళ్ళలో మనిషికి నెలకి ఐదు కిలోలు హక్కయింది. హక్కు అంటే అడుక్కునేది కాదు. ఇవ్వకపోతే బదులుగా భత్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉందని మాస్టారే చెప్పారు. అయితే ఒక నెల, ఖాతావాళ్ళలో ఒకామె రేషన్ కొట్టు నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. వేలిముద్ర వేయించుకున్నారట, తీరా "బియ్యం నిండుకున్నాయి, వచ్చే నెల రా" అన్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిండుకుంది అని నేనూ రోజూ అంటాను. కానీ నా మాట వెనక "రేపొస్తుంది" ఉంటుంది, రేపు వస్తుంది కూడా. రాదని తెలిస్తే "ఆ సరుకు పెట్టడం మానేశామమ్మా" అని చెప్పెయ్యాలి, అది కూడా మామగారి కట్టడే. నిండుకున్నాయి అనేది నింపమని అడిగేవాళ్ళ మాట. నింపాల్సినవాడు దాన్ని లాక్కుని అడిగినామె మొహాన కొడితే, మంగళప్రదమైన మాటతో చేసిన మోసం అవుతుంది. తథాస్తు దేవతలంటూ ఉంటే ఆ వేళప్పుడే తిరగాలి.

బల్ల మీదే తాసిల్దారుకి అర్జీ రాయించాం. ఆమె చెబుతోంది, మాస్టారు రాస్తున్నారు. "ఈ నెల బియ్యం కోసం వెళ్ళగా నిండుకున్నాయని చెప్పినారు…" అక్కడ పెన్ను ఆపి, ఆ మాట కొట్టేసి, పైన రాశారు, "వేలిముద్ర తీసుకుని బియ్యం ఇవ్వలేదు."

ఆమెకి భయమేసింది. "అట్టా రాస్తే రేషన్ కొట్టాయనకి కోపమొస్తుందేమో మాస్టారూ. నిండుకున్నాయనే ఉంచండి."

"ఇంట్లో అనుకో తల్లీ ఆ మాట. మీ పెద్దమ్మ దగ్గర అను. గుళ్ళోకెళ్ళి అంటానన్నా నేనేమీ అడ్డు రాను. తాసిల్దారు దగ్గర మాత్రం ఇవ్వలేదు అనే అనాలి."

"కోపమొస్తే?"

"రావాలనేగా రాసింది" అని కాగితం నా వైపు తిప్పారు, సాక్షి సంతకానికి.